వెనక సీట్లో లెక్కల టీచరుగారు

శివరాత్రి వెళ్ళాక వచ్చిన బుధవారం, ఇంకా పూర్తిగా తెల్లవారక ముందే, మా సైకిళ్ళ గ్రూపులో టీచరుగారి నంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆవిడ మెసేజులు ఎప్పుడూ ఆ వేళకే వస్తాయి. చైనుకి ఏ నూనె వెయ్యాలని ముందురోజు ఎవరో అడిగారు. దానికి జవాబై ఉంటుందనుకుని, పళ్ళు తోముకుంటూనే ఫోను నొక్కాను. వినిపించింది ఆవిడ గొంతు కాదు, ఆవిడ తమ్ముడుగారిది.

"అందరికీ నమస్కారమండి. అక్కయ్య రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయిందండి. బాధేమీ పడలేదు." అక్కడ కాసేపు ఫ్యాను చప్పుడు. తరవాత మళ్ళీ అన్నారు. "ఆ చైను నూనె సంగతి పొద్దున్న చెబుతానంది. ఏం చెప్పాలనుకుందో నాకు తెలీదు. ఏమీ అనుకోకండి."

బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. ఏడుపు వస్తుండగానే మధ్యలో నవ్వొచ్చింది. అక్క పోయిన పూట కూడా ఆవిడ బాకీపడ్డ జవాబుకి క్షమాపణ చెప్పుకునే తమ్ముడు ఆయన. ఆయన్ని అలా తయారుచేసింది ఆవిడే.

మేమందరం వెళ్ళాం. సందు మొదలు నుంచి వాళ్ళ గేటు దాకా గోడలకి సైకిళ్ళే. అరుగు మీద ఎవరూ మాట్లాడడం లేదు. ఆ నిశ్శబ్దంలో మా గ్రూపులో ఒకాయన పక్కాయన సైకిలు వైపు చూసి, గొంతు తగ్గించి, "మీ వెనక బ్రేకు లైనింగు అరిగిపోయిందండి" అన్నారు. అనేశాక తనే నాలుక్కరుచుకున్నారు. తమ్ముడుగారు లోపలి నుంచి విని బయటికొచ్చారు. "చెప్పండి, ఫరవాలేదు. అక్కయ్యుంటే తనే చెప్పేది" అన్నారు. అప్పుడు అందరం ఏడ్చాం. తరవాత ఆ బ్రేకు గురించి నిజంగానే మాట్లాడుకున్నాం.

మా గ్రూపు సంగతి తెలియనివాళ్ళకి ఇదంతా వింతగా ఉంటుంది. రాజమండ్రిలో పొద్దున్నే గోదారి గట్టు మీద సైకిలు తొక్కేవాళ్ళం కొందరం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు అది. తొక్కేది గంటసేపు, దాని గురించి మాట్లాడేది రోజంతా. టైరులో గాలి ఎంతుండాలి? సీటు మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా? మంచులో కళ్ళజోడు మసకేస్తే ఏం చెయ్యాలి? ఆఫీసుకి సైకిలు మీద వెళితే చెమట సంగతేంటి? కుక్క తరిమితే ఆగాలా, పారిపోవాలా? ఒక్కరు అడిగితే చాలు, టిఫిను చేసి వచ్చేసరికి పేజీలకి పేజీలు సలహాలు. ఒకదానికొకటి పొంతన ఉండదు. కుక్క విషయంలో అయితే గ్రూపు రెండుగా చీలి, ఇప్పటికీ కలవలేదు.

నేను ఇందులో చేరిన కొత్తలో అడిగిన మొదటి ప్రశ్న: "నా సైకిలు చప్పుడు చేస్తోంది. ఏం చెయ్యాలి?" నూనె వెయ్యమన్నారు. చైను మార్చమన్నారు. బేరింగులు పోయాయన్నారు. ఒకాయన ఏకంగా అమ్మెయ్యమన్నారు. వీటన్నిటి కింద ఒక వాయిస్ మెసేజ్. తరగతి గదిలో ఆఖరి బెంచీకి కూడా వినపడే గొంతు.

"దత్తాంశం అసంపూర్ణం. చప్పుడు టకటకా, కిర్రుకిర్రా? తొక్కుతున్నప్పుడా, తొక్కడం ఆపినప్పుడా? గతుకులోనా, సాఫు రోడ్డు మీదా? అది చెప్పకుండా అడిగిన అమ్మాయికి బుద్ధి లేదు. అడక్కుండా చెప్పినవాళ్ళకి అంతకన్నా లేదు."

నాకు ఒళ్ళు మండింది. అయినా సైకిలు తీసి ఒక చుట్టు తిరిగి విన్నాను. చప్పుడు గతుకులో మాత్రమే వస్తోంది, టింగుటింగున. హ్యాండిలుకి తగిలించిన మా ఇంటి తాళాలగుత్తి అది.

ఆ సంగతి దాచేసి, 'సరిపోయింది, థాంక్సండి' అని పెట్టాను. వెంటనే ఇంకో మెసేజ్. "ఎలా సరిపోయిందో చెప్పాలి. సాధన చూపించకపోతే మార్కులు లేవు." చెప్పక తప్పలేదు. వారం రోజులు గ్రూపులో నన్ను తాళాలమ్మాయి అన్నారు.

ఆవిడ మా వెనక వీధిలోనే ఉంటారని అప్పుడే తెలిసింది. ధవళేశ్వరంలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాజమండ్రి నుంచి సైకిలు మీదే వెళ్ళొచ్చేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మా అమ్మ ఒకసారి మొహమాటం లేకుండా అడిగితే, "వెనక క్యారియరు మీద కూర్చోమన్నారండి" అని నవ్వేశారు. పక్కగదిలో పెళ్ళాం పోయిన తమ్ముడుగారు ఉండేవారు. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఇంట్లో పాలు పొంగితే కూడా ఫైరింజను గురించి ఆలోచించే మనిషి.

ఆవిడ చీర కుచ్చిళ్ళు చైనులో పడకుండా పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు రింగుని చీలమండకి వేసుకునేవారు. ఆ ఇంట్లో ఏ వస్తువుకైనా ట్యూబు రింగే. కరివేపాకు కట్టకీ అదే, కరెంటు బిల్లులకీ అదే. తమ్ముడుగారి కళ్ళజోడు కాడకి కూడా ఒకటి ఉండేది. టైరుని బొటనవేలితో నొక్కి చూసేవారు, సంతలో బొప్పాయిని చూసినట్టు. "గాలి తక్కువైతే సైకిలు చెబుతుంది, ఎక్కువైతే నడుం చెబుతుంది" అనేవారు. ఎవరు ఏ సలహా ఇచ్చినా ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే. "మీ సైకిలుకి చేసి చూశారా?" ఈ ఒక్క ముక్కకి భయపడి గ్రూపులో సగం మంది సలహాలు టైపు చేసి చెరిపేసుకునేవారు. ఒకసారి మా మేనేజరుగారు, అంటే ఫైనాన్సు కంపెనీలో మేనేజరు, గ్రూపు మొత్తానికి ఖరీదైన గేర్ల సైకిలు ఆయనదే, "వెళ్ళేటప్పుడు ఎదురుగాలి ఉంటే దిగులు పడకండి, వచ్చేటప్పుడు అదే తోస్తుంది" అని రాశారు. టీచరుగారి జవాబు: "గోదారి గట్టు మీద గాలి కూడా మనతోపాటే వెనక్కి తిరుగుతుందండి. సర్వీసు మొత్తం చూశాను."

నాకు కుదురు లేదని మా అమ్మ ఊరందరికీ చెప్పి ఉంచింది. అందులో అబద్ధమేం లేదు. ఇంజనీరింగు చదివాను. హైదరాబాదులో ఒక ఉద్యోగం వదిలాను, ఇక్కడ ఒకటి వదిలాను, బ్యాంకు పరీక్షల కోచింగు మధ్యలో లేచి వచ్చేశాను. అలాంటిదాన్ని రోజూ పొద్దున్న టీచరుగారి వెనక గట్టు మీద తొక్కడం మాత్రం మానలేదు. ఎందుకంటే ఆవిడ ఎప్పుడూ "ఏం చేద్దామనుకుంటున్నావమ్మా" అని అడగలేదు. "ఆ ఎదురుగా వచ్చిన సైకిలుకి ఏ పక్క స్టాండు ఉంది?" లాంటివి అడిగేవారు.

పోయిన ఏడాది ఎండాకాలం చివర్లో ఆవిడ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. "డాక్టరుగారు ఇచ్చిన దత్తాంశం. నీటికాసులు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి వెలుతురూ చీకటీ మాత్రం తెలుస్తాయి. మందులు ఉన్నది నిలపడానికే గానీ పోయింది తేవడానికి కాదు. సలహాలు వద్దు."

మా గ్రూపులో ఒక్క సలహా కూడా రాని మెసేజ్ అదొక్కటే.

ఆ తరవాత ఆవిడ మాట్లాడడం మానేశారు. ఎవరేం అడిగినా జవాబు లేదు. నేను వెళ్ళేసరికి అరుగు మీద పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. పక్కనే ఆ పాత లేడీస్ సైకిలు, స్టాండు మీద. చేత్తో పెడలు వెనక్కి తిప్పుతున్నారు, టిక్కుటిక్కుమని. కాసేపు ఆపుతారు, మళ్ళీ తిప్పుతారు. తమ్ముడుగారు నన్ను గేటు దగ్గరే ఆపి, గొంతు తగ్గించారు.

"పాత సామాన్లవాణ్ణి రమ్మన్నానమ్మా. అది ఎదురుగా ఉన్నంతసేపూ తనకి మనసు పీకుతుంది."

"నా చెవులు బాగానే ఉన్నాయిరా" అన్నారు టీచరుగారు, అరుగు మీది నుంచే.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, ముందురోజు ఫోనులో చూసిన రెండు సీట్ల సైకిలు గురించి చెప్పాను. ఇద్దరూ తొక్కుతారు, ముందున్నవాళ్ళు నడుపుతారు అన్నాను. పెడలు తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"ముందెవరు?"

"నేనండి."

"నువ్వా? ఏ ఉద్యోగంలోనూ ఒక పండక్కీ ఇంకో పండక్కీ మధ్య నిలవ్వు కదే!"

"ఇది ఉద్యోగం కాదు కదండీ."

"అయితే నిలుస్తావేమో" అన్నారు. చాలా రోజుల తరవాత నవ్వారు.

తమ్ముడుగారు మాత్రం గేటు వదిలి అరుగు దగ్గరికి వచ్చేశారు. "అక్కయ్యా, ఈ వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది. విరిగితే మంచమే. నేనొక్కణ్ణే ఉన్నాను ఇంట్లో."

ఆ ఆఖరి మాట ఆయన అనుకున్నదానికన్నా మెల్లగా వచ్చింది. టీచరుగారు పెడలుని ఒక చుట్టు తిప్పారు. ఆ తరవాత, "కూర్చున్నా విరుగుతాయిరా, తుప్పు పట్టి" అన్నారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఆయనకి మిగిలింది ఒక్క అక్క. ఆవిడకి మిగిలింది ఆ తొక్కడం.

గ్రూపులో సంగతి చెప్పగానే వరద గేట్లు ఎత్తినట్టయింది. మేనేజరుగారు విదేశీ బండ్ల బొమ్మలు పంపారు. ధవళేశ్వరం సత్తిబాబుగారు రంగంలోకి దిగారు. ఆయన బ్యారేజీ దగ్గర వల వేసేవాళ్ళ దగ్గర చేపలు కొని, సైకిలు మీద వీధివీధికీ తిప్పి అమ్ముతారు. మాలో అందరికన్నా ఎక్కువ దూరం తొక్కేది ఆయనే. అందరికన్నా ఎక్కువ ధీమా కూడా ఆయనదే.

"ఆయ్, మా బావమరిది వెల్డింగు షాపండి. ఇంతింత గేట్లు చేసేత్తాడు. సైకిలేం లెక్కండి?"

టీచరుగారి షరతు ఒక్కటే, వెనక సగం తన సైకిలే అయి ఉండాలి. అలా సత్తిబాబుగారి పాత సైకిలు ముందు సగం, టీచరుగారి లేడీస్ సైకిలు వెనక సగం, మధ్యలో గేటుకి వాడే పైపు కలిసి ఒక బండి తయారైంది. చూడడానికి సైకిలు మింగిన సైకిల్లా ఉంది. ఆకుపచ్చ రంగు వేశారు. బావమరిది షాపులో ఆ రోజు ఎవరిదో గేటుకి కలిపిన రంగు మిగిలిందట.

వానలు వెనకబట్టాక బ్యారేజీ మీద మొదటిసారి తొక్కాం. ముందు నేను, వెనక టీచరుగారు. ఒక పక్క మేనేజరుగారు, ఇంకో పక్క సత్తిబాబుగారు, వాళ్ళ వెనక గ్రూపులో ఇంకొకాయన. అందరికన్నా వెనక స్కూటీ మీద హెల్మెట్టుతో తమ్ముడుగారు, అంబులెన్సులాగా. నేనైతే మాట్లాడితే బ్యాలెన్సు పోతుందని పెదవి విప్పలేదు. కాస్త దూరం వెళ్ళాక వెనక నుంచి టీచరుగారు అన్నారు.

"నా ఎడమ పాదం పక్కకి జరుగుతోంది."

మేనేజరుగారు వెంటనే అందుకున్నారు. "సీటు ఎత్తు ఎక్కువైందండి. కాలు అందక జరుగుతోంది."

"సీటు కాదండి, చెప్పు" అన్నారు సత్తిబాబుగారు. "ఆ రబ్బరు చెప్పు జారిపోద్దండి. బూట్లెయ్యాలి."

వెనకాయన కూడా ఊరుకోలేదు. "అలవాటు తప్పింది కదండీ, కండరం పట్టేసి ఉంటుంది. అరటిపండు తినండి."

"ఇంకా జరుగుతోంది" అన్నారు టీచరుగారు.

సీటు సంగతీ చెప్పు సంగతీ తేల్చుకోవడానికి మేనేజరుగారూ సత్తిబాబుగారూ మా ముందు నుంచి ఒకరినొకరు చూసుకుంటూ వాదించుకుంటున్నారు. అప్పుడు ఠంగుమని చప్పుడైంది. పెడలు ఊడి రోడ్డు మీద దొర్లి, బ్యారేజీ పిట్టగోడని తాకి ఆగింది. బండి ఒరిగింది. నేను కాలు ఆనించాను. టీచరుగారు పడలేదు. నా జడ పట్టుకుని నిలబడ్డారు.

సంగతేంటంటే, సైకిలు పెడళ్ళు రెండూ ఒకలా బిగుసుకోవు. కుడిదాని మర ఒకవైపు, ఎడమదాని మర రెండోవైపు తిప్పితే బిగుస్తాయి. తొక్కేకొద్దీ ఊడిపోకుండా ఆ ఏర్పాటు. మా రెండు సీట్లనీ కలిపే చైను ఎడమవైపు ఉండాలన్నారని, పళ్ళచక్రంతో ఉండే కుడివైపు పెడలు కడ్డీలనే బావమరిది తెచ్చి ఎడమవైపు బిగించారు. దాంతో టీచరుగారు ప్రతి తొక్కుకీ తన పెడలుని తనే విప్పుకుంటూ వచ్చారు. నలుగురం ఉన్నాం. ఒక్కరమూ కిందికి చూడలేదు.

"దత్తాంశం ఇచ్చాను" అన్నారు టీచరుగారు, నా జడ వదలకుండా. "సమాధానాలు మూడొచ్చాయి. చూసినవాడు లేడు."

తమ్ముడుగారు స్కూటీ ఆపి, ఆ పెడలు ఏరుకుని జేబులో వేసుకున్నారు.  అక్కని స్కూటీ ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళి, పెడలుని బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఇక చాలు" అన్నారట. అంతే.

మేం ఆకుపచ్చ బండిని నడిపించుకుంటూ వెనక్కి వచ్చాం. దారిలో కూడా వాదన ఆగలేదు, మరకి జిగురు వేస్తే సరిపోతుందా లేదా అని. నాకు మాత్రం ఆవిడ మళ్ళీ అరుగు మీద పీట వేసుకోవడం కళ్ళముందు కనిపించింది.

రెండ్రోజులాగి నేను వెళ్ళేసరికి ఆ అరుగు మీద విచిత్రమైన పంచాయితీ నడుస్తోంది.

"నువ్వు వెనక కూర్చో. కళ్ళకి గుడ్డ కట్టుకో. పిల్ల నడుపుతుంది. సందు చివరి దాకా వెళ్ళి రా. అప్పుడు కూడా వద్దంటే నేను మళ్ళీ ఆ మాట ఎత్తను" అంటున్నారు టీచరుగారు.

"నేనా? నాకెందుకక్కయ్యా?"

"మీ సైకిలుకి చేసి చూశారా అని అందర్నీ అడిగేదాన్ని. నిన్ను అడక్కుండా ఎలా వదుల్తాను?"

ఆయన బీరువా తీసి పెడలు తెచ్చారు. సందు చివరి దాకా ఊడదులే అని నేనే చేత్తో బిగించాను. ఆయన కళ్ళకి తువ్వాలు కట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని వెనక కూర్చున్నారు. నాలుగు ఇళ్ళు దాటామో లేదో కేక.

"ఆపమ్మా! ఏంటది? ఏదో తగిలింది!"

"ఏం లేదండి, గతుకు."

"ముందు చెప్పొద్దూ! నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు అలా తీసుకెళ్తావేంటి? ఎదురుగా ఏముంది? మలుపు ఎటు? ఎవరైనా వస్తున్నారా? నాకెలా తెలుస్తుంది?"

అప్పుడు నేను చెప్పడం మొదలుపెట్టాను. ముందు గుంట. ఎడమవైపు ఇసక. పాలవాడు వస్తున్నాడు, మనల్ని చూశాడు. సందు చివరికి వచ్చేసరికి నా సీటుకి బిగించిన వెనక హ్యాండిలు మీద ఆయన పట్టు సడలింది. తిరిగి వచ్చేసరికి తొక్కుతున్నారు కూడా. తువ్వాలు విప్పి, కళ్ళు నులుముకుని, అక్క ఎదురుగా నిలబడ్డారు.

"నోరు మూయకుండా చెబుతూ తీసుకెళితేనే" అన్నారు. "ఆ పెడలు సంగతి తేలాకే."

పెడలు సంగతి టీచరుగారే తేల్చారు. మరల మీద వేళ్ళు పెట్టి తడిమి, అందర్నీ అడిగారు. "చైను ఎడమవైపే ఎందుకు?"

"ఫారిన్ బండ్లన్నిటికీ అటేనండి" అన్నారు మేనేజరుగారు.

"మనది ఫారినా?"

కుడివైపే రెండు చైన్లూ వేశారు. ఎడమవైపు కడ్డీలు వాటి చోటికి అవి వచ్చేశాయి. పెడలు మళ్ళీ ఊడలేదు. సత్తిబాబుగారు ఇప్పటికీ, "ఆయ్, నేను ముందే అనుకున్నానండి" అంటారు.

అలా కార్తీకం నుంచి మా కొత్త పద్ధతి మొదలైంది. నేను చూసిందల్లా చెప్పాలి. ఊరికే చెబితే ఆవిడకి సరిపోయేది కాదు.

"ముందు గేదె ఉందండి."

"గేదె అంటే ఏం అర్థమవుతుంది? కట్టేసిందా, వదిలేసిందా? ముఖం ఎటుంది?"

"కాలువ వైపు."

"అయితే నీళ్ళకి వెళుతుంది. అడ్డం వస్తుంది. ఆగు."

అడ్డం వచ్చింది. ఇన్నేళ్ళూ నేను గేదెల్ని చూశాను గానీ, వాటి ముఖం ఎటుందో చూడలేదు. ఆ చలికాలం కడియం వైపు కాలువ గట్టు మీద నేను నేర్చుకున్నది ఏ కోచింగులోనూ చెప్పలేదు. నర్సరీల్లో నీళ్ళు పట్టే పైపు ఏ మొక్క దగ్గర ఉంది, బడికెళ్ళే పిల్లల్లో ఎవరు వెనకబడ్డారు, టీకొట్టు ముందు నిలబడ్డవాళ్ళలో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదు, అన్నీ పైకి చెప్పుకుంటూ తొక్కేదాన్ని. గొంతు పోయేది. ఇంటికెళ్ళి వేడినీళ్ళు తాగేదాన్ని. "నీకు కుదురు లేదన్నది అబద్ధమే" అన్నారు ఒకరోజు. "నీ కళ్ళకి పని చాల్లేదంతే." నా గురించి ఎవరైనా చెప్పిన మాటల్లో నేను దాచుకున్నది అదొక్కటే.

కోతల రోజులవి. గట్టు రోడ్డు మీద సగానికి సగం ధాన్యం ఆరబోసి, అంచులకి రాళ్ళు పేర్చేవారు. దాని గురించి గ్రూపులో ఏటా ఒక గొడవ. టైరు జారుతుందని ఒకరు, నెమ్మదిగా వెళితే జారదని ఒకరు. టీచరుగారు, "అన్నం మీద తొక్కేదేంటండీ? దిగి నడవండి" అని తేల్చేశారు. ఒక పొద్దున్న మంచు కాస్త ఎక్కువగా ఉండి, నేను రాళ్ళని ఆలస్యంగా చూశాను. ముందుచక్రం ధాన్యంలోకి దిగింది. పార పట్టుకుని ఒకావిడ లేచింది.

"ఏవమ్మోయ్! కళ్ళు కనిపించట్లేదా?"

"నాకు కనిపించదమ్మా" అన్నారు టీచరుగారు వెనక నుంచి, ఎంతో మర్యాదగా. "ముందున్న పిల్లకి కనిపిస్తుంది. తిట్టేదేదో దాన్ని తిట్టు."

ఆవిడ తెల్లబోయింది. టీచరుగారు దిగి, చేత్తో తడుముకుంటూ చెదిరిన గింజల్ని దగ్గరికి తోశారు. "ఇంకా తడి ఉందే, రేపు కూడా ఎండాలి" అన్నారు. పార పట్టుకున్నావిడ కాసేపు చూసి, "మీరు ధవళేశ్వరం బళ్ళో లెక్కల టీచరుగారు కదండీ! నన్ను బెంచీ ఎక్కించారు" అంది. "ఏ లెక్కకి?" అడిగారు వెంటనే. ఆవిడకి గుర్తులేదు. "గుర్తుంచుకోవాల్సింది అదేనే, బెంచీ కాదు" అన్నారు. ఇద్దరూ ఎంతసేపు నవ్వుకున్నారో! ఆ రోజు ఇంటికి చేరేసరికి బండి వెనక ఒక చిక్కుడుకాయల సంచి వేలాడుతోంది.

తమ్ముడుగారు మొదట్లో స్కూటీ మీద వెంట వచ్చేవారు. తరవాత గట్టు మొదలు దాకా. తరవాత గేటు దాకానే, మేం తిరిగొచ్చేదాకా అది పట్టుకుని నిలబడేవారు. ఆయన అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. "ఎక్కడైనా ఆగారా?" ఆవిడ జవాబూ మారలేదు. "దిగినచోటల్లా ఆగాం."

చలికాలంలో తొక్కడం గురించి గ్రూపు అడిగే ప్రశ్నలకి టీచరుగారు మళ్ళీ జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. మంకీ క్యాపు చెవుల మీద వేసుకుంటే వెనక బండి వినపడదు, నుదురు వరకు చాలు. మంచులో లైటు మీరు చూడడానికి కాదు, మిమ్మల్ని చూడడానికి. తడి రోడ్డు మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. ఇలాంటివన్నీ. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే చివర్లో చేర్చేవారు. "మా సైకిలుకి చేసి చూశాం."

పుష్యంలో నాకు విశాఖపట్నంలో ఇంటర్వ్యూ వచ్చింది. మర్నాడు పొద్దున్న రైలు. ముందురోజు సాయంత్రం వెళ్ళి, రేపు రాలేనండీ అని చెప్పాను. వేరేవాళ్ళని అడగనా అన్నాను. టీచరుగారు, "వెళ్ళు. ఒక్కరోజు తొక్కకపోతే తుప్పు పట్టనులే" అన్నారు. తమ్ముడుగారు కిటికీలోంచి, గోడకి ఆనించి ఉన్న ఆ ఆకుపచ్చ బండి వైపు చూస్తున్నారు.

పొద్దున్న ఆటోలో గోదావరి స్టేషనుకి బయల్దేరాను. మంచు దట్టంగా ఉంది. గోదారి ఉందన్న సంగతి చల్లదనం వల్లే తెలుస్తోంది. ఆటో అతను లైటు వేసుకుని, ఎవరికీ దారివ్వకుండా, తిట్టుకుంటూ పోతున్నాడు. అంతలో ఎడమవైపు సందులోంచి ఒక గొంతు వినిపించింది. పెద్దగా, కంగారుగా, ఆపకుండా చెబుతోంది.

"మెయిన్ రోడ్డు వచ్చింది అక్కయ్యా. ఎడమవైపు ఖాళీ. కుడివైపు నుంచి ఆటో ఒకటి వస్తోంది, ఒక్క లైటే వెలుగుతోంది. మనం కుడికి తిరగాలి. ఇప్పుడు. ఇప్పుడు తిరుగుతున్నాం."

నేను ఎప్పుడూ ఆ బండి మీదే ఉన్నాను. బయటి నుంచి అదెలా ఉంటుందో నాకు తెలీదు. మంచులోంచి ముందుగా హెల్మెట్టు వచ్చింది, దాని కింద మంకీ క్యాపు, దాని కింద భయంతో బిగుసుకున్న తమ్ముడుగారి ముఖం. ఆయన వెనక టీచరుగారు, నిటారుగా, గడ్డం పైకెత్తి, తరగతిలోకి నడిచొస్తున్నట్టు. తిరుగుతున్నామన్న మాట వినగానే కుడిచెయ్యి భుజం ఎత్తున తిన్నగా చాపారు. ఆటో అతను బ్రేకు తొక్కాడు.

"ఎవరండీ ఆవిడ?" అన్నాడు నాతో. "కలెక్టరులాగా చెయ్యి చూపించేరు!"

బండి మా ముందు నుంచి తిరిగి, ఆటో పక్కగా వచ్చింది. నేను తల బయటికి పెట్టాను. తమ్ముడుగారు రోడ్డు కంగారులో నన్ను గుర్తుపట్టలేదు. "ఆటో ఆగింది అక్కయ్యా. లోపల ఎవరో ఆడపిల్ల. తల మొత్తం బయటికి పెట్టి చూస్తోంది."

"తల బయటికి పెట్టిందంటే మన పిల్లేరా" అన్నారు టీచరుగారు. "రైలు తప్పిపోతుంది, పొమ్మను."

 వాళ్ళు దాటిపోయారు. ఆటో కదిలాక నేను సీటు మీద మోకాళ్ళు వేసి, వెనక అద్దంలోంచి చూశాను. వాళ్ళకి ఎదురుగా ఎవరూ లేరు, ముందంతా తిన్నని గట్టు. మలుపు అయిపోయిందని తమ్ముడుగారు చెప్పడం మరిచిపోయినట్టున్నారు. ఆవిడ చెయ్యి దించలేదు. మంచులో ముందు ఆ హెల్మెట్టు కరిగిపోయింది, తరవాత బండి, తరవాత ఆవిడ వీపు. చాపిన ఆ చెయ్యి మాత్రం ఇంకాసేపు కనిపించింది.